ఒడ్డు చేరేలోగా ఒక మొగుడు

మెస్సీనా జలసంధి మీద నాకు తెలియకుండా ఒక్క చేప కూడా తోక ఆడించదు. ఇది గొప్పకు చెప్పుకోవడం కాదు, ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. నేను పక్కన ఉండగా అడిగితే మరీ తప్పకుండా చెబుతారు. రైలును ముక్కలు చేసి కడుపులో దాచుకుని, ఇటలీ ఒడ్డు నుంచి సిసిలీ ఒడ్డుకు ఈదే ఆ పాత ఓడలో ఏ మూల ఎవరు తుమ్మారో, ఎవరు ఎవరి మీద అలిగారో, ఎవరు మనసులో ఏం పెట్టుకుని పైకి ఏం అన్నారో, అన్నీ నా లెక్కలోకి రావలసిందే. కాబట్టి ఒక అక్టోబరు మధ్యాహ్నం డెల్ఫీనా అనే డెబ్బై రెండేళ్ల టొరీనో ఆవిడ మనసులో ఏం నడిచిందో నేను చెబుతుంటే, కళ్లు చిట్లించకుండా నమ్మాలి.

రైలు పెట్టె ముందుకు పోయింది, ఆగింది, వెనక్కి వచ్చింది, మళ్లీ ముందుకు పోయింది, పొయ్యిలోకి రొట్టె తోసేవాడికి చోటు కుదరనట్టు. తోసుకోనీ, ఎంతసేపైనా తోసుకోనీ, ఎవరికి తొందర, అనుకుంది డెల్ఫీనా, ఒళ్లో ఉన్న గొడుగు పిడి మీద రెండు చేతులూ వేసుకుని. బయట మిట్టమధ్యాహ్నం, ఓడ పొట్టలో మాత్రం దీపాలు పెట్టే వేళ. కిటికీకి జానెడు దూరంలో తుప్పు పట్టిన ఇనుప గోడ, దాని మీద ఎవరో సుద్దతో చేప బొమ్మ మొదలుపెట్టి తోక వేయకుండా వదిలేశారు. మొగుడు ఎత్తోరే ఉండి ఉంటే ఈపాటికి తలుపు దగ్గర నిలబడి ఉండేవాడు. ఎత్తోరే ఎప్పుడూ తలుపు దగ్గరే. ఎదురుగా వచ్చే స్టేషనులో దిగడానికి కాదు, ఆ తర్వాత వచ్చేదానిలో దిగడానికి. ముందు ఆయన ముక్కు చేరాలి, తర్వాత ఆయన చేరాలి, ఆ తర్వాత పెట్టెలు, అన్నిటికన్నా వెనక పెళ్లాం. ఆలస్యం అమృతం విషం అన్నది ఆయన మతం. రోము నగరాన్ని పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి ముగించాడు, ఫ్లోరెన్సును రెండు రైళ్ల మధ్యలో ముగించాడు, వెనిస్‌లో నీళ్లు అడ్డం వచ్చాయి గానీ లేకపోతే అక్కడా పరుగే. ఆ ప్రయాణాల ఫోటోలు ఆల్బమ్ నిండా ఉన్నాయి, తీసింది తనే, అన్నిట్లోనూ ఆయన వీపే. గోపురం ముందు వీపు, ఫౌంటెన్ ముందు వీపు, సముద్రం ముందు వీపు. కూతురు లొరెదానా చిన్నప్పుడు ఆల్బమ్ తిప్పుతూ నాన్న మొహం ఏదమ్మా అని అడిగితే, సాయంత్రం ఇంటికొచ్చాక చూద్దువుగానిలే అనేది తను. ఆ వీపు కూడా పోయి నాలుగేళ్లు. డాక్టరు కలం మూత తీసేలోపే పోయాడు, అక్కడికీ తొందరే.

చేపకు తోక లేదు, ఎట్లా ఈదుతుంది పాపం. నెమ్మదిగా ఈదుతుంది. టొరీనో నుంచి తను కూడా అట్లాగే వచ్చింది, నచ్చిన ఊళ్లో దిగి, అద్దె గదిలో మేజోళ్లు ఉతుక్కుని, అవి ఆరితే బయలుదేరి, ఆరకపోతే ఆగిపోయి. జెనోవాలో వాన పట్టుకుంటే వారం ఉండిపోయింది. గొడుగులు బాగుచేసే దుకాణం నడిపిన మనిషికి వాన అంటే చుట్టం. లొరెదానా ఫోనులో ఏడ్చినంత పని చేసింది. విమానంలో అయితే ఒక నిద్ర తీసేలోపు దిగుతావు కదమ్మా, ఒక్కదానివే ఇంతింత దూరం ఎట్లా అమ్మా. ఒక్కదాన్నే ఎట్లాగో చూద్దామనే బయలుదేరానే తల్లీ. చూడాల్సింది మరీ పెద్దదేం కాదు. ఒక బల్ల. పెళ్లైన కొత్తలో సిసిలీ చుట్టి వచ్చినప్పుడు, చుట్టి అంటే బొంగరంలాగా, తొర్రెమూతా అనే చిన్న స్టేషనులో రైలు ఎదురుబండి కోసం ఆగింది. ప్లాట్‌ఫాం మీద ఒక ఇనుప బల్ల, రైలుకు వీపు తిప్పి, సముద్రానికి మొహం పెట్టి. దాని మీద ఎవరూ లేరు. దిగుదామా అంది తను. అక్కడేముందని, అన్నాడు ఎత్తోరే, తలుపు దగ్గర నుంచే. అక్కడేముందో ఇన్నేళ్లుగా తనకు తెలియదు. ఒక్కతే వెళ్లి, పక్కన ఎవరూ అక్కడేముందని అడగకుండా, ఆ బల్ల మీద చీకటి పడేదాకా కూర్చోవాలి. ఇంతే మొక్కు. ఆ స్టేషను ఇక రెండు గంటల దూరంలో ఉంది, మధ్యలో క్రొచిఫిస్సా ఉంది.

క్రొచిఫిస్సా రోములో ఎక్కింది. ముందు సంచులు ఎక్కాయి, తర్వాత ఆమె భర్త సారో, మాట్లాడాల్సిన అవసరం పెళ్లిరోజునే తీరిపోయిన మనిషి, తర్వాత అత్తగారు నున్సియాతా, చేతిలో జపమాల, రెండు చెవుల్లో కావలసిన మాటలకు మాత్రమే చోటు. నేపుల్స్ దాటకముందే డెల్ఫీనా చేతిలో రొట్టె, రొట్టెలో వంకాయ వేపుడు. వద్దంటే ఊరుకోరు ఈ దక్షిణాది వాళ్లు. ఒంటరిగా తింటున్న ఆడమనిషి కనిపిస్తే ఇల్లు అంటుకున్నట్టే, ఆర్పేదాకా నిద్ర పట్టదు. ఓడ పొట్టలో పెట్టె కుదురుకోగానే క్రొచిఫిస్సా వేళ్లు తుడుచుకుని అసలు విషయానికి వచ్చింది.

“ఎవరింటికి సిన్యోరా?”

“ఎవరింటికీ కాదు. తొర్రెమూతాలో దిగుతా.”

“అక్కడ మీకెవరున్నారు?”

“ఎవరూ లేరు.”

జపమాల ఆగిపోయింది. ఎవరూ లేరట, అని అత్తగారు కొడుకు వైపు తిరిగింది, ఈ మాట మాత్రం చెవిలో పడింది. క్రొచిఫిస్సా కళ్లలో నీళ్లు తిరిగాయి, తిరిగిన వెంటనే ఆలోచన కూడా వచ్చింది, వచ్చింది వచ్చినట్టు పైకే చెప్పింది. తమ ఊరు పాత్తీలో ఇంట్లో పైగది ఖాళీ, సారో వాళ్ల అన్న, భార్య పోయాక, మేడ మీద గుడ్లగూబలా కూర్చుంటున్నాడు, మనిషి బంగారం, పళ్లు కూడా సొంతవే. ఇంకో స్టేషను దాటితే ఆ బంగారాన్ని ఫోనులోకి పిలుస్తుంది, ఇంకో రెండు దాటితే తన పెట్టె వాళ్ల సంచుల మధ్యకు చేరిపోతుంది, బల్ల అక్కడే ఉండిపోతుంది ఎవరూ కూర్చోకుండా. డెల్ఫీనా నోరు తనంతట తనే తెరుచుకుంది.

“మా ఆయన ఉన్నాడుగా. పైకి వెళ్లాడు, గాలి పీల్చుకోవడానికి.”

ఎప్పుడు ఎక్కాడు, ఏ సీటులో ఉన్నాడు, రోము నుంచి ఆయన నీడ కూడా ఎందుకు కనిపించలేదు, ఇవేవీ ఎవరూ అడగలేదు. వేరే పెట్టెలో చోటు దొరికి ఉంటుంది, మగాళ్లంతే, అని క్రొచిఫిస్సాయే సర్దింది. అబద్ధం తను ఒక్కటే ఆడింది, మిగతావన్నీ వాళ్లే ఆడి పెట్టారు. ఎట్లా ఉంటాడు అని మాత్రం క్రొచిఫిస్సా అడిగింది. డెల్ఫీనా ఎత్తోరేను తలుచుకుంది, తాటిచెట్టు పొడుగు, మూడో కాలు ఉన్నట్టు నడక, ఆ వీపు. తలుచుకుని, తలకిందులు చేసింది. “పొట్టి మనిషి. గోధుమరంగు టోపీ. ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్రపోతాడు. ఎప్పుడూ నాకన్నా వెనకే.” చెప్పాక తనకే ముచ్చటేసింది. ఎంత మంచి మొగుడు, ఇన్నాళ్లూ ఎక్కడున్నాడు.

అందరూ మెట్లెక్కి పైకి వెళ్లారు, ఆ ఓడ ఎక్కినవాడు అరంచీనో తినకుండా దిగితే జలసంధి శపిస్తుంది, ఇది నేను చెప్పే మాట కాదు, ఆ బారులో వేయించేవాడు చెప్పే మాట. చేతికి పట్టినంత అన్నపు ఉండ, లోపల మాంసం పులుసు, పైన కరకరమనే పొర, మొదటి కొరుకుకే నాలుక కాలి ఆ పూటకు దాని పని అయిపోతుంది. క్రొచిఫిస్సా నాలుగు తెచ్చి, వెనక్కి వెళ్లి ఐదోది తెచ్చింది. “ఇది బావగారికి. అక్కా, చల్లారకముందే రమ్మను.” అక్కలోకి ఎప్పుడు దిగింది సిన్యోరా, చూసుకోనేలేదు. కాగితంలో చుట్టిన ఐదో అరంచీనో డెల్ఫీనా చేతిలో వేడిగా, అప్పుడే పుట్టిన పిల్లలా బరువుగా ఉంది. రేలింగు పట్టుకుని నీళ్లను చూసింది. నీళ్లు ఒక పక్క నుంచి పోతున్నాయి, ఒక పక్క నుంచి వస్తున్నాయి, మధ్యలో ఎటు పోవాలో తేల్చుకోలేక చుట్టూ తిరుగుతున్నాయి, తన కూతురి ఫోనుల్లాగే. గాలికి ఎవరిదో టోపీ ఎగిరింది, గోధుమరంగు కాదు. ఇదేమిటి నేను చేస్తున్నది, అనుకుంది, టోపీలు వెతుకుతున్నాను. బారు ముందు వరుసలో పొట్టివాళ్లను చూస్తోంది, బల్లల మీద నిద్రపోయేవాళ్లను చూస్తోంది. కట్టుకున్నవాడి కోసం ఇట్లా ఏనాడూ వెతకలేదు, అవసరం రాలేదు, ఆయన ఎప్పుడూ ముందే, ఎదురుగానే, తగ్గని దూరంలో వీపు. వెనకబడ్డ మనిషి కోసం ఆగడం ఎట్లా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. పోనీ ఆయన కూడా ఒక్కసారి వెనక్కి తిరిగి ఉంటే, ఆగిన చోట ఇట్లా ఉంటుందని తెలిసేది, గాలి, నూనె వాసన, చేతిలో ఎవరి వాటాయో వేడిగా. కోపం రావాలి గానీ జాలేసింది, జాలి వెనకే ఆకలి వేసింది, ఐదో అరంచీనో కూడా తినేద్దామా అనుకుంది, అప్పుడే మెస్సీనా రేవులో నిలబెట్టిన మాత విగ్రహం బంగారు రంగులో కనిపించింది, మైకు గొంతు సవరించుకుంది, ప్రయాణికులంతా తమ పెట్టెల్లోకి దిగాలి.

దిగారు. కూర్చున్నారు. సంచులు లెక్కపెట్టుకున్నారు, తర్వాత మనుషుల్ని.

“బావగారేరి?” అంది క్రొచిఫిస్సా.

వస్తాడు, అంది డెల్ఫీనా. ఎప్పుడూ వెనకే అని చెప్పానుగా. కానీ ఓడ రేవును తాకి ఒకసారి వణికింది, గొలుసులు కదిలాయి, ముందు పెట్టెలు బయటికి లాగుతున్న చప్పుడు వినిపించింది, క్రొచిఫిస్సా లేచి నిలబడింది, ఆమె నిలబడితే ఆ పెట్టెలో ఇంకెవరూ నిలబడే వీలు లేదు. ఆయన పేరేంటి? ఎత్తోరే, అంది డెల్ఫీనా, ఇంకో పేరు కల్పించే తీరిక లేక. అంతే. సారో మెట్లవైపు పరిగెత్తాడు, పక్క పెట్టెలోని సైనికుడొకడు పరిగెత్తాడు, పెరుగుజున్ను అమ్ముకుని వస్తున్న ఒకాయన బుట్ట పక్కన పెట్టి పరిగెత్తాడు. మైకులో ఎవరో పిలుస్తున్నారు, సిన్యోర్ ఎత్తోరే, మీ భార్య రైలులో ఎదురుచూస్తున్నారు, సిన్యోర్ ఎత్తోరే. ఇనుప గోడల మీద ఆ పేరు తగిలి తగిలి తిరిగొచ్చింది. బతికున్నన్నాళ్లూ ఎవరూ ఆగమని పిలవని మనిషి, పోయిన నాలుగేళ్లకు ఓడ ఓడంతా ఆగి పిలుస్తోంది. వింటే ఎంత విసుక్కునేవాడో. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి తలుపు దగ్గరికి వచ్చి ఇరుక్కున్నాయి. ముసలమ్మ నున్సియాతా తన చెయ్యి పట్టుకుని, ఏడవకమ్మా, పోయినవాడు తిరిగొస్తాడు, అంటోంది. రాడమ్మా, అంది డెల్ఫీనా. ఆమెకు ఆ మాట వినిపించలేదు, అక్కర్లేని మాట కదా. చెప్పేయాలి. లేచి చెప్పేయాలి, మొగుడూ లేడు గిగుడూ లేడు, వెతకడం ఆపండి అని. చెబితే? చెబితే ఒంటరిది అవుతుంది, అబద్ధాలాడే ఒంటరిది, అది ఇంకా జాలి, పైగది, గుడ్లగూబ, పాత్తీ. బల్ల ఇక కల. గొడుగు పిడి నొక్కింది, గొడుగు పెట్టెలోనే తెరుచుకుంది. దాని వెనక కాసేపు దాక్కుంది.

గొడుగు మూసేసరికి ఎదురుగా సైనికుడూ సారో నిలబడి ఉన్నారు, మధ్యలో ఒక ముసలాయన. పొట్టి. గోధుమరంగు టోపీ. ఒక చెంప మీద చెక్కబల్ల గీతలు, నిద్ర ఇంకా కళ్లలోంచి దిగలేదు. పై అంతస్తులో గురక పెడుతుంటే దొరికాడు, అన్నాడు సైనికుడు, ఎంత లేపినా లేవడే, మీ భార్య ఏడుస్తోంది అంటే అప్పుడు లేచాడు.

ఆ ముసలాయన నేనే. మొదట్లో చేపల తోకల గురించి నేనన్నది కాస్త వెనక్కి తీసుకుంటున్నాను. ఆ దాటింపు మొత్తం నేను నిద్రలో ఉన్నాను, చేపలు తోకలే కాదు తలలు ఊపినా నాకు తెలిసేది కాదు. మెస్సీనాలో దిగి ఇంటికి నడిచిపోవాల్సిన వాణ్ని. కానీ పుట్టి బుద్ధెరిగాక నన్ను వెతుక్కుంటూ ఇంతమంది రావడం అదే మొదటిసారి, కాదనడానికి మనసొప్పలేదు.

“ఏమే, నాకు సీటు ఉంచావా?” అన్నాను.

డెల్ఫీనా నన్ను చూసింది. కల్పించుకున్న మొగుడు కల్పించినట్టే వచ్చి ఎదురుగా నిలబడితే ఎట్లా చూస్తారో అట్లా. టోపీ చూసింది, పొట్టితనం చూసింది, వెనకబడ్డ తీరు చూసింది, ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. ఇప్పుడు ఒప్పుకుంటే ఈయన తనతో దిగుతాడు, బల్ల మీద పక్కన కూర్చుంటాడు, కూర్చుని ఆ ఒక్క ప్రశ్నా అడుగుతాడు. ఆ ఆలోచన రాగానే భయం పోయింది.

“ఈయన నా మొగుడు కాదు,” అంది. “నాకు మొగుడే లేడు. ఒంటరిగా పోతున్నాను, ఒంటరిగానే పోవాలని పోతున్నాను.”

 క్రొచిఫిస్సా డెల్ఫీనాను చూసి, నన్ను చూసి, మెల్లగా తల ఊపింది.

“చూశారా బావగారూ, ఎంత కష్టపెట్టారో. ముప్ఫై ఏళ్లుగా నేను కూడా సారోను ప్రతి ఆదివారం లేడనే అంటా.”

“లేడు, నిజంగానే లేడు,” అంది డెల్ఫీనా.

“అను అక్కా, కడుపులోది కక్కేయ్.”

“మా వాడి నాన్నను నేను ఏడాదిపాటు లేడనుకున్నా,” అంది నున్సియాతా, “మంచం అవతలి పక్కనే ఉండేవాడు.”

నిజం చెబితే నమ్మరని మా అమ్మ అనేది గానీ, ఇంత బాగా నమ్మరని నాకూ తెలియదు. నన్ను కిటికీకీ సారోకూ మధ్య కూర్చోబెట్టారు, మళ్లీ తప్పిపోకుండా సారో నా చొక్కా అంచు పట్టుకున్నాడు. మెస్సీనా స్టేషను వచ్చింది, మా ఇంటి పొగగొట్టం కనిపించింది, వెళ్లిపోయింది. పెట్టెలో ఉన్నవాళ్లంతా నాకు బుద్ధి చెప్పారు. జున్ను ఆయన తన పెళ్లాం అలిగితే ఏం చేస్తాడో చెప్పాడు, జున్ను పెట్టడమేనట. క్షమాపణ అడగమన్నారు, అడిగాను, దేనికో తెలియకుండా అడగడం మొగుళ్లకు అలవాటే కదా అని.

ఇక డెల్ఫీనా గమనించింది ఇది. మాట మాట్లాడకపోతే ఎవరూ మాట్లాడించడం లేదు. కిటికీ వైపు తిరిగితే ఎవరూ వంకాయ పెట్టడం లేదు. పైగది మాట లేదు, బంగారం మాట లేదు. ఒంటరి ఆడదాన్ని ఇక్కడ ఎవరైనా చెయ్యి పట్టి లాగవచ్చు గానీ, అలిగిన పెళ్లాం జోలికి ప్రభుత్వం కూడా పోదు. ఇన్ని ఊళ్లు దాటి వచ్చింది, ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే దారంతా అలిగే వచ్చేది. ఆమె భుజాలు నెమ్మదిగా కిందికి దిగాయి. గొలుసు కట్టిన పడవలు పోతున్నాయి, నిమ్మతోటల మీద ఎండ వాలుతోంది, మధ్యలో సొరంగాలు వచ్చి ఆమె మొహాన్ని అద్దంలో చూపించి పోతున్నాయి. ఆ మొహం నవ్వుతోంది. మిగతావాళ్లు జపమాల చప్పుడులో కునుకు తీస్తుంటే నాకు మాత్రమే వినపడేట్టు అంతా చెప్పింది, వీపుల ఆల్బమ్, బల్ల, తోక లేని చేప. కొంత చెప్పింది, మిగతాది నేను పూరించుకున్నాను. చేపకు తోక ఎవరైనా వేయాలి కదా.

తొర్రెమూతాలో ఎదురుబండి కోసం రైలు ఆగింది. డెల్ఫీనా లేచింది, పెట్టె తీసుకుంది, గొడుగు తీసుకుంది.

“నాతో ఎవరూ రావద్దు,” అంది, చాలా గంభీరంగా.

“ఎవరు వస్తారక్కా, మేం చూసుకోమూ.” క్రొచిఫిస్సా సీటు మీద ఉండిపోయిన ఐదో అరంచీనో పొట్లం ఆమె చేతిలో పెట్టింది. “ఇది ఆయనకు దక్కనివ్వకు.”

నేను మర్యాదకు సగం లేచాను. సారో లాగి కూర్చోబెట్టి, ఆ రోజంతటికీ కాదు, బహుశా ఆ ఏడంతటికీ మొదటిసారి నోరు తెరిచాడు.

“చీకటి పడ్డాక వెళ్లు, బాబాయ్. పూలు పట్టుకుని వెళ్లు.”

ఇనుప బల్ల ఉంది. రంగు పోయింది, ఒక కాలు కుంగింది, సముద్రం వైపే చూస్తోంది. దాని మీద ఎవరూ లేరు. డెల్ఫీనా దాని దాకా నడిచింది, తొందర లేకుండా, మధ్యలో ఒకసారి ఆగి గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని. కూర్చుంది. పొట్లం విప్పి, ఎత్తోరే వాటా అరంచీనోను కొద్దికొద్దిగా కొరుక్కుంటూ తినసాగింది. రైలు కదిలింది. పెట్టెలో అందరూ కిటికీకి ముక్కులు ఆనించి చూస్తుండగా, ఆమె వెనక్కి తిరిగి నా వైపు ఒకసారి చెయ్యి ఎత్తింది.

తర్వాతి స్టేషనులో నన్ను పూలకొట్టు ముందు దింపి వెళ్లారు. ఇంటికి చేరేసరికి నాకు నిజంగానే ఆలస్యం అయింది.

ఇందులో ఒక్కటి కల్పించాను, చెప్పేస్తాను. ఆమె చెయ్యి ఎత్తలేదు. వెనక్కి తిరగనూ లేదు. రైలు మలుపు తిరిగేదాకా మాకు కనిపించింది ఆవిడ వీపే.